బర్సైటిస్

బర్సైటిస్ అనేది కీళ్ళ చుట్టూ ఉండే బర్సాలు అనే చిన్న తిత్తులకు కలిగే వాపు వ్యాధి. ఎముక మీదుగా చర్మం, కండరం లేదా స్నాయువు కదిలేటప్పుడు రాపిడి కలుగకుండా ఈ తిత్తులు మెత్తలవలె పనిచేస్తాయి. వీటిపై పదేపదే ఒత్తిడి పడినా, దెబ్బ తగిలినా, సూక్ష్మజీవులు ప్రవేశించినా, గౌట్ వంటి వ్యాధులు ఉన్నా తిత్తి గోడలు ఉబ్బి, లోపల ద్రవం పేరుకొని నొప్పి కలుగుతుంది. ఈ వ్యాధి ఎక్కువగా భుజం, మోచేయి, తుంటి, మోకాలు, మడమల వద్ద కనిపిస్తుంది.

నొప్పి కీలు దగ్గరే ఉండటం వలన చాలామంది దీనిని కీళ్ళవాతంగానో, కీలు అరుగుదలగానో భావిస్తారు. బర్సైటిస్‌లో వ్యాధి కీలు లోపల కాక కీలు పక్కన ఉంటుంది. చికిత్స ఈ తేడాపైనే ఆధారపడి ఉంటుంది. సూక్ష్మజీవుల ప్రమేయం లేని బర్సైటిస్ చాలావరకు ఒత్తిడిని తొలగించి విశ్రాంతి ఇస్తే కొన్ని వారాలలో తగ్గిపోతుంది. చీము పట్టిన తిత్తికి, చీము పట్టిన కీలుకు మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యం అవసరం.

== పేరు ==
లాటిన్ భాషలో బర్సా అనగా సంచి. ఈ పదానికి మూలం తోలు అనే అర్థం గల గ్రీకు పదం. తెలుగులో తిత్తి అనే మాటకు కూడా తోలుసంచి అనే అర్థం ఉన్నది. కొలిమి తిత్తి అనే ప్రయోగం ఇందుకు ఉదాహరణ. వైద్యశాస్త్రంలో ఐటిస్ అనే ప్రత్యయం శోథను తెలుపుతుంది. వాపు, ఎరుపు, వేడి, నొప్పి కలిగించే శరీర ప్రతిచర్యను శోథ అంటారు. కనుక బర్సైటిస్ అనగా తిత్తి శోథ.

== నిర్మాణం, పని ==
మానవ శరీరంలో సుమారు 150 బర్సాలు ఉంటాయి. ఆరోగ్యవంతుని బర్సా గాలి తీసిన సంచివలె పలుచగా ఉంటుంది. దాని రెండు గోడలు దాదాపు ఒకదానినొకటి తాకుతూ ఉంటాయి. గోడల లోపలి పొర కీళ్ళలో ఉండే సైనోవియల్ పొర వంటిదే. ఈ పొర స్రవించే కొద్దిపాటి జిగట ద్రవం వలన గోడలు ఒకదానిపై ఒకటి సులువుగా జారుతాయి.

స్థానాన్ని బట్టి బర్సాలను మూడు విధాలుగా చెప్పవచ్చును.
* లోతైనవి: ఇవి ఎముకకు, కండరాలకు లేదా స్నాయువులకు మధ్య ఉంటాయి. భుజం, తుంటి వద్ద ఉండేవి ఇటువంటివి.
* చర్మం క్రింద ఉండేవి: మోచేతి కొనపై, మోకాలి చిప్పపై ఉండేవి ఈ కోవకు చెందుతాయి. మోచేతి కొనపై తిత్తి పుట్టుకతో ఉండదు. బాల్యంలో రాపిడి వలన క్రమంగా ఏర్పడుతుంది.
* కొత్తగా ఏర్పడేవి: సహజంగా బర్సా లేనిచోట కూడా ఒత్తిడి చాలాకాలం కొనసాగితే అక్కడ కొత్త తిత్తి ఏర్పడవచ్చును. కాలి బొటనవ్రేలి మొదట ఎముక పొడుచుకు వచ్చినవారిలో బిగుతు చెప్పుల రాపిడికి ఏర్పడే తిత్తి ఇందుకు ఉదాహరణ.

== కారణాలు ==
* ఒకే కదలికను పదేపదే చేయడం, ఒకే చోట ఎక్కువసేపు ఒత్తిడి పడటం. ఇది అన్నిటికంటే సాధారణ కారణం.
* దెబ్బ తగలడం. దెబ్బ వలన తిత్తిలోకి రక్తం స్రవించి వాపు కలుగవచ్చును.
* స్ఫటికాలు చేరడం. గౌట్ వ్యాధిలో యూరిక్ ఆమ్ల లవణాల స్ఫటికాలు, మరికొందరిలో కాల్షియం పైరోఫాస్ఫేట్ స్ఫటికాలు తిత్తిలో చేరి తీవ్రమైన శోథ కలిగిస్తాయి.
* రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ వంటి వ్యాధులు. వీటిలో కీళ్ళతోపాటు బర్సాల పొర కూడా ఉబ్బుతుంది.
* సూక్ష్మజీవులు. చర్మంపై గీతలు, పగుళ్ళు, పుండ్ల గుండా బాక్టీరియా తిత్తిలోకి ప్రవేశిస్తాయి. అరుదుగా క్షయ సూక్ష్మజీవులు కూడా బర్సైటిస్ కలిగిస్తాయి. ఇటువంటి వాపు నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతుంది.

మధుమేహం, స్థూలకాయం, అతిగా మద్యం సేవించడం, రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల వాడకం బర్సైటిస్‌కు గానీ, దాని ఉపద్రవాలకు గానీ అవకాశాన్ని పెంచుతాయి.

== వృత్తులతో సంబంధం ==
బర్సైటిస్‌కు ఆంగ్లంలో వాడుకలో ఉన్న పేర్లలో చాలావరకు వృత్తులను బట్టి వచ్చినవే. మోకాళ్ళపై కూర్చొని నేల తుడిచే పనివారికి వచ్చే మోకాలి చిప్ప వాపును హౌస్‌మెయిడ్స్ నీ అంటారు. మోకరిల్లి ప్రార్థన చేసే మతాధికారులకు చిప్ప క్రింద వచ్చే వాపును క్లర్జీమన్స్ నీ అంటారు. బల్లపై మోచేతులు ఆనించి చదివేవారి వాపునకు స్టూడెంట్స్ ఎల్బో అని, గట్టి పీటపై కూర్చొని మగ్గం నేసేవారికి పిరుదు ఎముక వద్ద కలిగే నొప్పికి వీవర్స్ బాటమ్ అని పేర్లు. ఇరుకైన సొరంగాలలో మోకాళ్ళపై, మోచేతులపై పనిచేసే గని కార్మికులకు వచ్చే ఈ వ్యాధులను బ్రిటన్ ప్రభుత్వం వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది.

నేలపై టైల్స్ పరిచేవారు, ప్లంబర్లు, తోటమాలులు, రోజంతా చేతులెత్తి గోడలకు రంగులు వేసేవారు, మగ్గంపై నేసే చేనేత కార్మికులు ఈ వ్యాధికి లోనయ్యే అవకాశం ఉన్నది. నేలపై బాసింపట్టు వేసుకొని గంటల తరబడి కూర్చునేవారిలో చీలమండ వెలుపలి ఎముక నేలకు ఒత్తుకొని, అక్కడ మెత్తని బుడిపె వంటి బర్సా వాపు రావచ్చును. నేలపై కూర్చొని కుట్టుపని చేసే దర్జీలలో ఈ వాపును పూర్వమే గుర్తించారు.

== శరీర భాగాలను బట్టి రకాలు ==

=== భుజం ===
భుజం కొన ఎముకకు, చేతిని పైకెత్తే స్నాయువులకు మధ్య ఉండే తిత్తి శరీరంలోని పెద్ద బర్సాలలో ఒకటి. దీనికి శోథ కలిగినపుడు చేతిని పక్కనుండి పైకెత్తేటప్పుడు 60 నుండి 120 డిగ్రీల మధ్య నొప్పి ఎక్కువగా ఉండి, ఆపైన తగ్గుతుంది. తల దువ్వుకోవడం, అటక మీది వస్తువులు తీయడం, నొప్పి ఉన్న వైపు పడుకోవడం కష్టమవుతాయి. చాలామందిలో బర్సాతోపాటు పక్కనున్న స్నాయువు కూడా దెబ్బతిని ఉంటుంది.

=== మోచేయి ===
మోచేతి కొనపై గుడ్డు వంటి వాపు కనిపిస్తుంది. సూక్ష్మజీవులు లేనపుడు నొప్పి స్వల్పంగానే ఉండవచ్చును. చేతిని చాపడానికి, అరచేతిని తిప్పడానికి సాధారణంగా ఇబ్బంది ఉండదు. కీలు బాగానే ఉన్నదనడానికి ఇది ముఖ్యమైన గుర్తు.

=== తుంటి ===
తొడ ఎముక పైభాగంలో వెలుపలివైపు చేతికి తగిలే గుబ్బ వద్ద నొప్పి ఉంటుంది. ఆ వైపు పడుకున్నపుడు, మెట్లు ఎక్కేటప్పుడు, కూర్చొని లేచేటప్పుడు నొప్పి పెరుగుతుంది. ఇది 40 నుండి 60 సంవత్సరాల స్త్రీలలో ఎక్కువ. పూర్వం ఈ నొప్పినంతటినీ బర్సైటిస్ అనేవారు. అల్ట్రాసౌండ్, ఎం.ఆర్.ఐ. పరీక్షలు వచ్చిన తరువాత ఇటువంటి రోగులలో ఎక్కువమందికి పిరుదు కండరాల స్నాయువులు దెబ్బతినడమే అసలు కారణమని, బర్సా వాపు కొద్దిమందిలోనే ఉంటుందని తెలిసింది.

తుంటి కీలు వ్యాధిలో నొప్పి సాధారణంగా గజ్జలలో ఉంటుంది. తుంటి వెలుపలి నొప్పిని, గజ్జలలోని నొప్పిని వేరుచేసి చెప్పడం వైద్యునికి ఎంతో ఉపకరిస్తుంది.

=== మోకాలు ===
మోకాలి చుట్టూ అనేక బర్సాలు ఉన్నాయి. చిప్పపై ఉండే తిత్తి ఉబ్బినపుడు వాపు చిప్ప ముందుభాగానికే పరిమితమై ఉంటుంది. మోకాలి లోపలివైపు, కీలుకు సుమారు 5 సెంటీమీటర్ల దిగువన మూడు స్నాయువులు కలిసి ఎముకకు అతుక్కుంటాయి. ఆ అమరిక బాతు పాదాన్ని పోలి ఉండటం వలన దానికి లాటిన్‌లో ఆ పేరే పెట్టారు. అక్కడి తిత్తి వాపు మోకాలి అరుగుదల, స్థూలకాయం ఉన్న స్త్రీలలో తరచుగా కనిపిస్తుంది.

మోకాలి వెనుక గుంటలో వచ్చే వాపును బేకర్ తిత్తి అంటారు. లండన్‌లోని శస్త్రవైద్యుడు విలియం మోరాంట్ బేకర్ 1877లో దీనిని వర్ణించాడు. పెద్దవారిలో ఇది సాధారణంగా మోకాలి కీలులోని మరొక వ్యాధి వలన కలుగుతుంది. కీలులో ఎక్కువైన ద్రవం వెనుకనున్న బర్సాలోకి చేరడం దీనికి కారణం. ఈ తిత్తి పగిలితే పిక్క వాచి, కాలి సిరలో రక్తం గడ్డకట్టినట్లే కనిపిస్తుంది. ఈ రెండింటి చికిత్సలు వేరు కనుక పరీక్ష చేయించుకోవడం తప్పనిసరి.

=== మడమ ===
మడమ ఎముకకు, పిక్క కండరాల స్నాయువునకు మధ్య ఒక బర్సా, స్నాయువునకు, చర్మానికి మధ్య మరొకటి ఉంటాయి. వెనుకభాగం గట్టిగా ఉండే బూట్లు, మడమ ఎముక వెనుకకు పొడుచుకు రావడం దీనికి కారణాలు. ఇటువంటి మడమ ఎముక ఆకృతిని స్వీడన్ వైద్యుడు పాట్రిక్ హాగ్లుండ్ 1928లో వివరించాడు. వెనుక పట్టీ లేని చెప్పులు ధరించినపుడు ఈ నొప్పి తగ్గడం గమనించవచ్చును.

== సూక్ష్మజీవుల వలన కలిగే బర్సైటిస్ ==
మోచేతి కొన, మోకాలి చిప్పపై ఉండే తిత్తులు చర్మానికి అతి దగ్గరగా ఉండటం వలన వాటికే సూక్ష్మజీవులు ఎక్కువగా సోకుతాయి. సుమారు 80 శాతం సందర్భాలలో కారణం స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియా. వాపుపై చర్మం ఎర్రబడి, వేడెక్కి, తాకితే భరించలేని నొప్పి ఉంటుంది. చుట్టూ చర్మానికి కూడా ఎరుపు వ్యాపించవచ్చును. జ్వరం రావచ్చును, కానీ జ్వరం లేనంత మాత్రాన సూక్ష్మజీవులు లేవని చెప్పలేము. మధుమేహం ఉన్నవారు, స్టెరాయిడ్ మందులు వాడుతున్నవారు ఈ విషయంలో మరింత జాగ్రత్త వహించాలి.

== ఇతర కీళ్ళ నొప్పులతో తేడా ==
బర్సైటిస్‌లో నొప్పి ఒక చోట వ్రేలితో చూపగలిగేటట్లు ఉంటుంది. రోగి తానుగా కదిలించినపుడు నొప్పి ఉన్నా, వైద్యుడు మెల్లగా కదిలించినపుడు కీలు చాలావరకు తిరుగుతుంది. కీలు లోపలి వ్యాధులలో అన్ని దిశలలోనూ కదలిక బాధాకరమవుతుంది.

* కీలు అరుగుదల: మృదులాస్థి క్షీణించడం వలన కలుగుతుంది. నడిస్తే, మెట్లు ఎక్కితే నొప్పి పెరిగి, విశ్రాంతితో తగ్గుతుంది. ఉదయం ఉండే బిగుసుకుపోవడం సాధారణంగా అరగంట లోపు పోతుంది.
* రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్: చేతివ్రేళ్ళు, మణికట్లు వంటి చిన్న కీళ్ళలో రెండు వైపులా వాపు ఉంటుంది. ఉదయం బిగుతు గంటకు పైగా ఉండవచ్చును.
* గౌట్: తరచుగా రాత్రివేళ హఠాత్తుగా కాలి బొటనవ్రేలి మొదట తీవ్రమైన నొప్పితో మొదలవుతుంది.
* ఫ్రోజెన్ షోల్డర్: భుజం కీలు అన్నివైపులా బిగుసుకుపోతుంది. మధుమేహం ఉన్నవారిలో ఎక్కువ.
* చికున్‌గున్యా: దోమల ద్వారా వ్యాపించే వైరస్ వ్యాధి. జ్వరంతోపాటు అనేక కీళ్ళలో నొప్పి కలిగి, కొందరిలో నెలల తరబడి ఉంటుంది. 2005-06లో ఆంధ్ర ప్రదేశ్‌లో ఈ వ్యాధి విస్తృతంగా ప్రబలింది.
* ఫ్లోరోసిస్: తాగునీటిలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్న ప్రాంతాలలో వెన్ను, కీళ్ళు బిగుసుకుపోతాయి. నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధిని 1937లో వైద్యులు వర్ణించారు. నల్గొండ జిల్లా ప్రజలు దీనివలన దశాబ్దాల పాటు బాధపడ్డారు.
* చీము పట్టిన కీలు: కీలు వాచి, ఏ కొద్దిగా కదిలించినా భరించలేని నొప్పి ఉంటుంది. కొద్ది రోజులలోనే మృదులాస్థి నాశనమయ్యే ప్రమాదం ఉన్నందున ఇది అత్యవసర పరిస్థితి.

== వ్యాధి నిర్ధారణ ==
రోగి వృత్తి, అలవాట్లు, నొప్పి ఉన్న చోటు తెలుసుకొని, చేతితో పరీక్షించి చాలావరకు వ్యాధిని నిర్ధారించవచ్చును. దెబ్బ తగిలినపుడు ఎముక విరగలేదని తెలుసుకోవడానికి ఎక్స్‌రే తీస్తారు. బర్సా ఎక్స్‌రేలో కనిపించదు. దానిని చూడటానికి అల్ట్రాసౌండ్, అవసరమైతే ఎం.ఆర్.ఐ. ఉపయోగపడతాయి.

సూక్ష్మజీవులు గానీ, గౌట్ గానీ ఉన్నట్లు అనుమానం కలిగితే సూదితో ద్రవాన్ని తీసి పరీక్షిస్తారు. తెల్లకణాల సంఖ్యను లెక్కించి, గ్రామ్ వర్ణకంతో, కల్చర్‌తో బాక్టీరియాను, ప్రత్యేక సూక్ష్మదర్శినితో స్ఫటికాలను వెదకుతారు. గౌట్ నొప్పి తీవ్రంగా ఉన్న సమయంలో రక్తంలో యూరిక్ ఆమ్లం సాధారణ స్థాయిలో కనిపించవచ్చును. అందువలన రక్తపరీక్ష ఒక్కటే ఆధారం కాదు.

== చికిత్స ==

=== ఇంటివద్ద ===
ఒత్తిడికి కారణమైన పనిని ఆపడం చికిత్సలో మొదటి మెట్టు. ఆ పని కొనసాగిస్తూ మందులు వాడితే వాపు తిరిగి వస్తుంది. మొదటి రెండు మూడు రోజులు మంచుగడ్డలను గుడ్డలో చుట్టి, ఒక్కొక్కసారి 10 నుండి 20 నిమిషాల పాటు రోజుకు కొన్నిసార్లు ఉంచాలి. మంచును నేరుగా చర్మంపై పెట్టరాదు. ఎరుపు, వేడి తగ్గిన తరువాత గోరువెచ్చని కాపడం కొందరికి ఉపశమనం ఇస్తుంది. మోచేతికి, మోకాలికి సాగే పట్టీని బిగుతు కాకుండా చుట్టవచ్చును.

వాపును గట్టిగా మర్దన చేయడం, వాతలు పెట్టడం, ఇంట్లో సూదితో పొడిచి నీరు తీయడం ప్రమాదకరం. చర్మానికి గాయమైతే ఆ మార్గంలో సూక్ష్మజీవులు లోపలికి చేరి, సాధారణ వాపు చీముగడ్డగా మారవచ్చును.

=== మందులు ===
నొప్పి తగ్గడానికి పారాసిటమాల్, శోథ తగ్గడానికి ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ వంటి మందులు వాడతారు. చర్మానికి దగ్గరగా ఉన్న వాపులకు డైక్లోఫెనాక్ పూతమందు వాడవచ్చును. శోథ తగ్గించే మాత్రలు జీర్ణాశయంలో పుండ్లు, రక్తస్రావం కలిగించవచ్చును, మూత్రపిండాలను దెబ్బతీయవచ్చును. జీర్ణాశయ వ్రణాలు, మూత్రపిండ వ్యాధి, గుండె జబ్బు ఉన్నవారు, రక్తం గడ్డకట్టకుండా మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుని సలహా లేకుండా వీటిని వాడరాదు. దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాలలో ఈ జాగ్రత్త మరింత ముఖ్యం.

పేరు, మోతాదు తెలియని కీళ్ళ నొప్పుల పొడులను, మాత్రలను వాడకపోవడం మంచిది. ఇటువంటి కొన్నింటిలో స్టెరాయిడ్లు కలిపి ఉన్నట్లు పరీక్షలలో బయటపడిన సందర్భాలు ఉన్నాయి. వాటితో నొప్పి వెంటనే తగ్గినా, కొంతకాలానికి రక్తంలో చక్కెర పెరగడం, ఎముకలు గుల్లబారడం వంటి హాని కలుగుతుంది.

=== స్టెరాయిడ్ సూదిమందు ===
అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ 1948లో రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్‌కు కార్టిజోన్‌ను తొలిసారి వాడాడు. ఈ పరిశోధనలకు 1950లో ఆయనకు, ఎడ్వర్డ్ కెండల్‌కు, టడేయస్ రైక్‌స్టైన్‌కు కలిపి నోబెల్ బహుమతి లభించింది. తరువాత ఈ తరగతి మందులను నేరుగా కీళ్ళలోకి, బర్సాలలోకి ఇవ్వడం మొదలైంది. భుజం, తుంటి వద్ద ఈ సూదిమందు కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. సూక్ష్మజీవులు ఉన్నపుడు దీనిని ఇవ్వరాదు. మోచేతి కొన వంటి చోట్ల చర్మం పలుచబడే అవకాశం, మడమ వద్ద స్నాయువు తెగే ప్రమాదం ఉన్నందున అక్కడ వైద్యులు దీనికి వెనుకాడతారు. మధుమేహం ఉన్నవారిలో కొన్ని రోజుల పాటు రక్తంలో చక్కెర పెరుగుతుంది.

=== వ్యాయామం ===
తీవ్రమైన నొప్పి తగ్గిన తరువాత కండరాలను బలపరిచే వ్యాయామాలు మొదలుపెట్టాలి. భుజం బిగుసుకోకుండా, ముందుకు వంగి ఒక చేతిని బల్లపై ఆనించి, నొప్పి ఉన్న చేతిని వ్రేలాడదీసి చిన్న వలయాలుగా ఊపడం సులువైన వ్యాయామం. తుంటి నొప్పి ఉన్నవారు బాగున్న వైపు పడుకొని మోకాళ్ళ మధ్య దిండు ఉంచుకోవాలి. కాలుపై కాలు వేసుకొని కూర్చోవడం, ఒకే కాలిపై బరువు వేసి నిలబడటం మానాలి.

తుంటి వెలుపలి నొప్పిపై ఆస్ట్రేలియాలో 204 మందితో జరిపిన పరిశోధన 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. జాగ్రత్తలు నేర్పి వ్యాయామం చేయించినవారిలో 8 వారాలకు సుమారు 77 శాతం, స్టెరాయిడ్ సూదిమందు తీసుకున్నవారిలో సుమారు 58 శాతం, ఏ చికిత్సా లేకుండా వేచి ఉన్నవారిలో సుమారు 29 శాతం మంది మెరుగుపడ్డారు.

=== సూక్ష్మజీవుల బర్సైటిస్‌కు ===
యాంటీబయాటిక్ మందులు అవసరం. స్వల్పమైన వ్యాధికి మాత్రలు, తీవ్రమైన దానికి ఆసుపత్రిలో సిర ద్వారా మందులు ఇస్తారు. చీమును సూదితో పలుమార్లు తీయవలసి రావచ్చును. వాపు తగ్గినట్లు కనిపించినా, వైద్యుడు చెప్పిన కాలమంతా మందులు వాడాలి.

=== శస్త్రచికిత్స ===
మందులకు లొంగని చీము ఉన్నపుడు, లేదా వాపు పదేపదే వచ్చి పనికి అడ్డమైనపుడు బర్సాను తొలగిస్తారు. భుజం వద్ద ఎముకను కొంత చెక్కి స్థలం పెంచే శస్త్రచికిత్స చాలాకాలం విరివిగా జరిగింది. బ్రిటన్, ఫిన్లాండ్ దేశాలలో జరిగి 2018లో ప్రచురితమైన పరిశోధనలలో ఈ శస్త్రచికిత్సకు, ఎముకను చెక్కకుండా కీలును దర్శినితో పరీక్షించడానికి మధ్య చెప్పుకోదగిన తేడా కనబడలేదు. అందువలన ఇప్పుడు వ్యాయామ చికిత్సకే మొదటి స్థానం ఇస్తున్నారు.

== నివారణ ==
* నేలపై మోకాళ్ళతో పనిచేసేవారు మందపాటి మెత్తలు కట్టుకోవాలి. మధ్యమధ్య లేచి కాళ్ళు చాపాలి.
* మగ్గంపై, కుట్టుమిషనుపై పనిచేసేవారు పీటపై మెత్త వేసుకొని, గంటకొకసారైనా లేవాలి.
* చదివేటప్పుడు మోచేతులను గట్టి బల్లపై ఎక్కువసేపు ఆనించరాదు.
* ఎత్తులో చేసే పనికి నిచ్చెనను గానీ, పీటను గానీ వాడి, చేతులు భుజాల ఎత్తు దాటకుండా చూసుకోవాలి.
* మోకాళ్ళు, మోచేతులపై గీతలు పడితే కడిగి శుభ్రంగా ఉంచుకోవాలి.
* శరీర బరువును, మధుమేహాన్ని అదుపులో ఉంచుకోవాలి.

== వైద్యుని వెంటనే సంప్రదించవలసిన సందర్భాలు ==
* వాపుపై చర్మం ఎర్రబడి వేడిగా ఉండటం, జ్వరం లేదా చలి రావడం.
* కీలును ఏమాత్రం కదిలించలేకపోవడం, కాలిపై బరువు మోపలేకపోవడం.
* దెబ్బ తగిలిన వెంటనే పెద్ద వాపు రావడం.
* పిక్క హఠాత్తుగా వాచి నొప్పి పెట్టడం.
* ఒకటి రెండు వారాల విశ్రాంతి తరువాత కూడా నొప్పి తగ్గకపోవడం.

== ఇవి కూడా చూడండి ==
* కీలు
* మోకాలు
* రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్
* గౌట్
* చికున్‌గున్యా
* ఫ్లోరోసిస్